నానిన గింజ

కిందటి వారం ఆమెను వంటింట్లో, గింజల గిన్నె ముందు, తడి చేతులతో వదిలిపెట్టాం. అప్పటికి జరిగింది ఇంతే. కొండమీది ఊరి కంటి ఆసుపత్రి నుంచి పెద్ద డాక్టరమ్మ ఫోన్ చేసింది. కళ్ళద్దాల గదిలో ఆమె పాత కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందనీ, సోమవారం సాయంత్రానికి వచ్చి చేరకపోతే ఇంకొకరికి ఇవ్వక తప్పదనీ చెప్పింది. భర్త జబ్బు పడ్డప్పుడు వదిలి వచ్చిన కుర్చీ అది. భర్త పోయాక చలికాలం వెళ్ళి ఎండలు ముదిరాయి. ఆమె "వస్తాను" అంది. అనేశాక, ఆ మాట అత్తగారికి ఎలా చెప్పాలో తెలియక, పడుకోబోయే ముందు గోధుమలు రెండింతలు నానబోసింది.

ఎవరికీ చెప్పలేదంటే అబద్ధమవుతుంది. మరిదికి చెప్పింది. స్టేషన్‌కు పెట్టె మోయడానికి ఒక మనిషి కావాలి కదా. ఆ ఇంట్లో ఉన్న ఆ ఒక్క మనిషీ రేడియో అని పేరు పడ్డవాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. ఒకసారి తల్లికి తెలియకుండా అన్నదమ్ములిద్దరూ శాలువా కొన్నారు. పొట్లం కట్టించేలోపే ఇతగాడు ఇంటికి ఫోన్ చేసి, "అమ్మా, మేమిద్దరం బజార్లో ఉన్నాం. నీకేం కొనడం లేదు, ముఖ్యంగా శాలువా" అన్నాడు. ఆ రోజు పెట్టిన పేరే, పెరిగి పెద్దవాడై పార్సిల్ వ్యాను నడుపుతున్నా పోలేదు.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం. పొయ్యి మీద రెండు గిన్నెలు ఉడుకుతున్నాయి. ఆ వంటింటి కిటికీ సగమే తెరుచుకుంటుంది. తెరిచిన సగానికి పక్క భవనం గోడ అడ్డం. లోపలి ఆవిరి ఆ గోడదాకా వెళ్ళి, దారి లేక, మళ్ళీ లోపలికే వస్తుంది. గోడ గడియారం అద్దం కూడా చెమర్చింది.

"వదినా, బార్లీ విడిగా ఎందుకు? అన్నీ పోయేది ఒక్క కడుపులోకే కదా." రేడియో కీరా తరుగుతున్నాడు. ఒక ముక్క గోరంత, ఒక ముక్క బొటనవేలంత.

"బార్లీకి జిగురు. మిగతావాటిని పట్టుకుంటే వదలదు. విడిగా ఉడికించి, చన్నీళ్ళతో కడిగి, అప్పుడు కలపాలి."

"అచ్చం మా అమ్మలా," అని నాలుక కరుచుకున్నాడు.

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. "ఇటు చూడు," అంది. "గోధుమ గింజ పొట్ట విచ్చాలి, కానీ చితకకూడదు. పళ్ళ కింద పడితే తెలియాలి. ఉప్పు ఉడికాకే. ముందే వేస్తే ఎంతకీ మెత్తబడదు. శనగలు రాత్రే ఉడికించాను. క్యారెట్ తురుము వారమంతా ఉంటుంది. కీరా మాత్రం మొదటి రెండు రోజుల డబ్బాల్లోనే వెయ్యి. తర్వాత రోజులకైతే నీరు కారి అంతా చప్పబడుతుంది. నిమ్మరసం, నూనె, మిరియాల పొడి ఈ సీసాలో. తినే ముందు ఊపి పోయాలి. ముందే పోస్తే..."

"గింజ మొత్తం తాగేస్తుంది. చెప్పావు. ఇందాక చెప్పావు, నిన్న వ్యాన్లో ఉన్నప్పుడు ఫోన్లో కూడా చెప్పావు."

"మళ్ళీ చెప్పు చూద్దాం."

అతను చెప్పాడు. కీరా దగ్గర తప్పాడు. ఆమె మళ్ళీ చెప్పింది.

అతనికి ఈ పని వస్తేనే ఆమెకు దారి. ఆ ఇంట్లో అత్తగారు ఇంకేమీ తినదు. ఎందుకు తినదో, ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ముగ్గురిలో ఎవరూ పైకి అనుకోలేదు.

భర్త జబ్బు పడ్డాక డాక్టర్లు తిండి మార్చమన్నారు. పొట్టు తీయని గింజలు, పచ్చి కూరగాయలు, చిటికెడు ఉప్పు. ఆమె ఆసుపత్రి కుర్చీ వదిలేసి వచ్చి, ఊళ్ళోనే ఒక చిన్న కళ్ళద్దాల దుకాణంలో చేరింది. రోజూ వండే తీరిక లేక, ఆదివారం నాడే వారానికంతా కలిపి డబ్బాల్లో సర్దేది. మూతల మీద సోమ, మంగళ అని ఆయనే కాగితం ముక్కలు అంటించాడు. "ఇంత మేత కోడికి వేస్తే గుడ్డన్నా పెట్టును. నాకు వేసి ఏం బావుకుంటావే" అనేవాడు. మొదటి వారం ఆమె తొందరలో వేడి వేడిగానే మూతలు బిగించింది. బుధవారానికల్లా పులిసిపోయింది. ఆయన బుధవారం తిన్నాడు, గురువారం తిన్నాడు. శుక్రవారం ఆమె రుచి చూసి ఉమ్మేసింది. "చెప్పొచ్చు కదండీ" అంటే, "చెబితే మానేస్తావేమోనని" అన్నాడు. అప్పటి నుంచి ఎంత పొద్దుపోయినా సరే, గింజలు వెడల్పాటి పళ్ళేల్లో పరిచి, ఫ్యాను కింద ఆరబెట్టి, చేత్తో తాకి చూశాకే మూత.

ఆయన పోయింది ఒక బుధవారం. గురు, శుక్ర, శని ఫ్రిజ్‌లో మిగిలాయి.

కొడుకు పోయాక అత్తగారు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. చక్కెర జబ్బు మనిషి. శుక్రవారం స్నానాల గది ముందు పడిపోయింది. అక్కా చెల్లెళ్ళు, ఇరుగు పొరుగు, చెప్పనివారు లేరు. ఎవరు ఏం తెచ్చినా తల అడ్డంగా ఊపింది. చివరికి కోడలు ఫ్రిజ్ తీసి, గురువారం డబ్బా తెచ్చి, మూత విప్పి ఆమె ఒళ్ళో పెట్టింది. ఎందుకలా చేసిందో తనకే తెలియదు. అత్తగారు మూత మీది అక్షరాల్ని వేలితో తడిమి, ఒక్కొక్క గింజా నోట్లో వేసుకుంది. మరుసటి రోజు శుక్రవారం డబ్బా. ఆ రాత్రికి శనివారం డబ్బా. ఆదివారం ఉదయం వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది, ఖాళీ డబ్బాలు కడిగి తుడిచి చేతుల్లో పట్టుకుని.

కోడలు గింజలు పొయ్యి మీద పెట్టింది. అప్పటి నుంచి పెడుతూనే ఉంది. ఆదివారం నింపిన డబ్బాలు శనివారానికి ఖాళీ అవుతాయి. ఖాళీ అయినవి మళ్ళీ ఆదివారాన్ని అడుగుతాయి.

"అయ్యాయి," అని ఆమె గిన్నె దించింది. చిల్లుల గిన్నెలో వార్చి, పళ్ళేల్లో పరిచింది. మామూలుగా రెండు పళ్ళేలు. ఇవాళ నాలుగు. బల్ల మీద చోటు చాలక ఒకటి ఫ్రిజ్ మీద, ఒకటి కుర్చీలో.

"సగం ఈ వారానికి. సగం ఫ్రిజ్ పైఅరలో గడ్డకట్టించు. ముందు రోజు కిందకి దించుకుంటే వచ్చే వారం గడిచిపోతుంది. ఆ తర్వాత నువ్వే వండాలి."

"నేను వండితే అమ్మ తింటుందా?"

"నువ్వు వండావని ఎందుకు చెప్పడం?"

రేడియో ఆమె వైపు చూశాడు. "ఆ మాట నాతోనా అంటున్నావు వదినా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ ఇంట్లో నవ్వు వినబడి చాలా రోజులైంది. దానికేనేమో, లోపలి గదిలో మంచం కిర్రుమంది. చెప్పుల చప్పుడు వరండా దాటి గుమ్మం దగ్గర ఆగింది.

అత్తగారు లోపలికి వచ్చి, కూర్చోవడానికి చోటు వెతికింది. కుర్చీలో గింజలున్నాయి. బల్ల మీద గింజలున్నాయి. తలెత్తి చూస్తే ఫ్రిజ్ మీదా ఉన్నాయి.

"ఏమిటే అమ్మాయీ, ఊరికంతా వండావా?" అంది.

కోడలు నోరు తెరిచింది. చెప్పాలనే తెరిచింది. డబ్బాలు నిండి, పొయ్యి ఆరి, అత్తగారికి టీ ఇచ్చాక చెప్పాలని ఉదయం నుంచి మాటలు పేర్చుకుంటోంది. ఆ వరసలో మొదటి మాట దొరికేలోపే పక్క నుంచి కత్తి బల్ల మీద పడ్డ చప్పుడు.

"నేనేం చెప్పలేదు వదినా! ఒట్టు! స్టేషన్ సంగతి నా నోట రాలేదు. రేపు పొద్దుటి బండి అని కూడా అనలేదు!"



రేడియో రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. దొడ్లోంచి గొడ్డు పారిపోయాక తడిక కట్టినట్టు.

అత్తగారు కుర్చీలోని పళ్ళెం తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక చేతుల్లోనే పట్టుకుని నిలబడింది. "ఏ బండి?" అంది.

"కొండమీది ఊరి బండి అత్తయ్యా." ఇక దాచి లాభం లేదు. "ఆసుపత్రిలో మళ్ళీ రమ్మన్నారు. రేపటిలోగా చేరాలి. ఇవాళ పని కాగానే చెబుదామనుకున్నాను."

"గింజలు నానబోసేటప్పుడు అనుకోలేదా?"

"అనుకున్నాను. నోరు రాలేదు."

"అందుకని నాకు రెండు వారాల మేత వేసి పోతున్నావు." గొంతు పెద్దది చేయలేదు. చేసినా బాగుండేది. "మంచిదే. ఊరెళ్ళేవాళ్ళు కోళ్ళకి గంపెడు నూకలు పోసి వెళతారు. వెళ్ళమ్మా. నేనెవర్ని ఆపడానికి?"

"అత్తయ్యా, అలా కాదు. మరిదికి అంతా నేర్పాను. నెలకోసారి నేనొస్తాను. మీరు నాతో వస్తానంటే ఆసుపత్రి వాళ్ళు ఇచ్చే గది..."

"వాడు పోయిన మంచం ఇక్కడుంది. నేనెక్కడికొస్తాను?"

పళ్ళెం బల్ల అంచు మీద పెట్టి, అత్తగారు డబ్బాలు దగ్గరికి లాక్కుంది. గరిటె తీసుకుని గింజలు నింపసాగింది. ఇంకా పొగలు కక్కుతున్న గింజలు. క్యారెట్ లేదు, శనగలు లేవు. ఒక డబ్బా నింపి, మూత పెట్టి, నాలుగు వైపులా కొక్కేలు నొక్కింది. టక్, టక్, టక్, టక్. సోమ.

"అత్తయ్యా, వేడిగా ఉన్నాయి. పులుస్తాయి."

"పులవనీ." మంగళ.

"పులిస్తే తినలేరు."

"తినను." బుధ. "పారబోస్తాను. పారబోశాక ఇంక ఏం తినాలో నాకు తెలియదు. నువ్వు కొండ మీద ఉంటావుగా, అక్కణ్ణించి ఫోన్లో చెప్పు."

మూసిన డబ్బాల మూతలన్నిటికీ లోపలి వైపు చెమటలు పట్టాయి. మూతల మీద ఆయన రాత అలాగే ఉంది, అంచులు కొద్దిగా లేచి. కోడలు స్నానాల గది ముందు ఆ శుక్రవారాన్ని చూసింది. తను బండెక్కాక వచ్చే ప్రతి శుక్రవారాన్నీ చూసింది. అత్తగారు బెదిరించడానికి అనడం లేదు. బెదిరింపైతే కోపం వచ్చేది, కోపం వస్తే గడప దాటడం తేలికయ్యేది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అక్కడ మనిషికి దూకడానికి ఏదో ఒకటైనా ఉంటుంది. ఇక్కడ ఆమె కాళ్ళ చుట్టూ ఉన్నవి పళ్ళేలు. ఎటు అడుగు వేసినా తన చేత్తో పరిచిన గింజల్నే తొక్కాలి.

"సరే అత్తయ్యా," అంది చివరికి. తన గొంతు తనకే పక్కింట్లో నుంచి వచ్చినట్టు వినిపించింది. "వెళ్ళను. మూతలు తీయండి. డాక్టరమ్మకి ఫోన్ చేసి చెబుతాను, తనంత తానుగా గుర్తుపెట్టుకుని పిలిచింది పాపం, క్షమించమని."

గరిటె ఆగింది.

"తనంత తానుగానా?" అంది అత్తగారు. అనకూడని మాట అనేసినట్టు పెదవులు బిగించింది. కానీ పెదవులు మళ్ళీ విడిపోయాయి. "ఎవరన్నారు తనంత తానుగా అని?"

"మరి?"

అత్తగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. ఆవిరికి అద్దాలు రెండూ తెల్లబడి ఉన్నాయి. తుడిచి పెట్టుకుంటే మళ్ళీ తెల్లబడ్డాయి. అలాగే మాట్లాడింది.

"వాడు చేయించాడు. నా చేతే నంబరు నొక్కించాడు, ఆ మంచం మీద పడుకునే. 'అమ్మగారూ, ఆ కుర్చీ మా ఆవిడకి ఉంచండి. నేను పోయాక ఎండాకాలం వరకూ ఆగి పిలవండి. ముందే పిలిస్తే రాదు' అన్నాడు. ఫోన్ పెట్టేసి నాతో అన్నాడు, 'అమ్మా, నువ్వు దాన్ని ఆపకు' అని. నేను సరేనన్నాను." ఆమె గరిటెను చూస్తూ చెప్పింది. "చచ్చిపోయే బిడ్డ అడిగితే ఏ తల్లి కాదంటుంది? అన్నాను. అప్పటి నుంచి నీ ఫోను మోగితే నా గుండె ఆగేది. ఆ డాక్టరమ్మ నంబరు మారిపోవాలని మొక్కుకున్నాను. ఇంతకంటే ఏం దాచలేదు."

కోడలు బల్ల అంచు పట్టుకుంది. నిద్రలో కూడా ఆయన నోటి నుంచి కుర్చీ మాట ఎప్పుడూ రాలేదు. "నా కోసం వచ్చేశావు, నీ పని పోయింది" అని ఒక్కసారీ అనలేదు. ఎందుకనలేదా అని ఆమె లోపల్లోపల ఎన్నిసార్లు మనసు కష్టపెట్టుకుందో లెక్క లేదు. పులిసిన గింజల్ని రెండు రోజులు నోరెత్తకుండా తిన్న మనిషి.

"ఇంకేమన్నారు?" అంది.

"నాతో అంతే. ఆ తర్వాత దాహం అని నన్ను బయటికి పంపించాడు. మంచం పక్కనే కూజా ఉంది. అయినా పంపించాడు. నేను నీళ్ళు తీసుకుని వచ్చేసరికి వీడు" అని రెండో కొడుకు వైపు తిరిగింది, "వరండాలో గోడకు మొహం పెట్టి ఏడుస్తున్నాడు. ఏమన్నాడురా అన్నయ్య అంటే, ఏం లేదన్నాడు. వీడు ఏం లేదనడం నేను కన్నాక అదే మొదలు. అప్పటి నుంచి అడగని రోజు లేదు. తిట్టాను, బతిమాలాను, తినకుండా పడుకున్నాను. ఏం లేదమ్మా అంటాడే తప్ప..."

కోడలు మరిది వైపు చూసింది.

శాలువా సంగతి దాచలేనివాడు, ఇప్పుడే స్టేషన్ సంగతి నేల మీద ఒలకబోసినవాడు, తరిగిన కీరా ముక్కల ముందు తల వంచుకుని నిలబడి ఉన్నాడు. ఇన్ని నెలలుగా ఆ నోట్లో ఒక గింజ నానుతూనే ఉంది.

"నిజమేనా?" అంది ఆమె.

అతను తలూపాడు.

"చెప్పు."

"ఇప్పుడు చెప్పకూడదు వదినా."

"ఎప్పుడు చెప్పాలి మరి?"

అతను చొక్కా చేతితో ముక్కు తుడుచుకున్నాడు. "నువ్వు బండెక్కాక. బండి కదిలాక. కిటికీ పక్కన నడుస్తూ చెప్పమన్నాడు అన్నయ్య. ముందే చెబితే నువ్వు దిగిపోతావట. ఆ తర్వాత ఇంటికొచ్చి అమ్మకి చెప్పమన్నాడు. నువ్వు వెళ్ళకపోతే ఎవరికీ చెప్పొద్దన్నాడు, ఎప్పటికీ. 'ఒరేయ్, నీ నోరు సంగతి నాకు తెలుసు. అయినా నీకే చెబుతున్నా' అన్నాడు." కీరా ముక్కలు పక్కకు నెట్టాడు. "ఇంకెవరైనా చెప్పి ఉంటే దాచేవాణ్ణి కాదేమో అమ్మా. నన్ను నమ్మి చెప్పింది వాడొక్కడే."

ఫ్యాను గాలికి ఫ్రిజ్ మీది పళ్ళెంలో గింజలు ఆరిపోయాయి.

అత్తగారు మెల్లగా తర్వాతి డబ్బా దగ్గరికి లాక్కుంది. గురువారం డబ్బా. కుర్చీలోంచి తీసిన పళ్ళెం అడుగున ఇంకా వేడిగా ఉన్న గింజల్ని గరిటెతో తోడి నింపింది. మూత తీసుకుంది. మూత మీది అక్షరాల్ని ఆ రోజు తడిమినట్టే తడిమింది.

"బండి కదిలాకేనా?"

"కదిలాకే అమ్మా."

"ముందు చెప్పవు."

"చెప్పనమ్మా."

ఆమె మూత పెట్టింది. ఒక కొక్కెం నొక్కింది. రెండోది నొక్కింది. మూడోది నొక్కింది.

"వాడి ఆఖరి మాట వినాలని నాకు మాత్రం ఉండదా?" అంది, ఎవరితోనూ కాదు.

నాలుగో కొక్కెం మీద వేలు ఆగిపోయింది. బిగియని ఆ మూల నుంచి సన్నగా, దారంలా ఆవిరి వస్తోంది. ఆవిడ కళ్ళజోడు మళ్ళీ తెల్లబడింది. ప్రతి ఆదివారం చేసినట్టే కోడలు చెయ్యి చాచింది, తీసి తుడవడానికి. ఎప్పుడూ మొహం ముందుకు వంచే మనిషి, ఇవాళ వెనక్కి జరిగింది.

ఆ తెల్లటి అద్దాల వెనక కళ్ళు ఎలా ఉన్నాయో కనబడలేదు.

"రేపు పొద్దున బండి ఎన్నింటికి?" అని అడిగింది అత్తగారు.

పంపడానికి అడిగిందో, ఆపడానికి అడిగిందో, ఆ గొంతులో తెలియలేదు. రేడియో జవాబు చెప్పడానికి నోరు తెరిచి, వదిన వైపు చూసి, మూసుకున్నాడు.